రాయి ఉంది, పేర్లేవి?

ఈ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదో ఒకటి రాసి ఇవ్వాలని వార్డెన్ గారు కబురు పెట్టారు. మేము నలుగురం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే, ఒకే గదిలో, ఒకే కిటికీ కింద ట్రంకు పెట్టెలు పెట్టుకొని చదువుకున్నాం. ఇప్పుడు వేరే ఊళ్ళో కాలేజీ హాస్టల్లో ఉంటున్నాం. ‘సమయపాలన’, ‘విద్యార్థి – క్రమశిక్షణ’ లాంటి వ్యాసాలు పాత సంచికల్లో మేమే రాశాం. వాటిని ఎవరు చదివారో మాకు తెలియదు. అందుకని ఈసారి వాటి జోలికి పోకుండా, భోజనాల హాలులో వంటగది పక్కన తిరిగే మూడో ఫ్యాను గురించి రాయాలనుకున్నాం. ఆ ఫ్యాను రెక్క మీద ఒక పేరుంది. కొత్తగా చేరిన తమ్ముళ్ళకు ఆ పేరు ఎవరిదో తెలియదు. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

అది 2019 ఆగస్టు. మేము ఆరో తరగతిలో చేరి రెండు నెలలైంది. అప్పటికి మా మండలం ప్రకాశం జిల్లాలోనే ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టాక బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. మన హాస్టల్ ప్రహరీ వెనక అంతా నల్లరేగడి అని మీకు తెలుసు. ఒక వైపు పత్తి, ఒక వైపు మిరప నారుమళ్ళు. వాన పడితే పురుగూ పుట్రా లోపలికి వస్తాయి. ఆ రోజుల్లో మేము కింద చాపలు పరుచుకొని పడుకునేవాళ్ళం. రాత్రి రెండు గంటలప్పుడు మాలో ఒకడు కడుపునొప్పని లేచాడు. రాత్రి తిన్న కూర పడలేదేమో అనుకున్నాం. కాసేపటికి వాడి కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్ర కాదు, రెప్పలు ఎత్తలేకపోతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. పదో తరగతి అన్న ఒకాయన చాప దులిపితే దాని కింద కట్లపాము ఉంది.

కట్లపాము కాటు అంతగా నొప్పి పుట్టదని, వాపు కూడా రాదని, నిద్రలో కరిస్తే చీమ కుట్టిందనుకుంటారని మాకు ఆ తర్వాత తెలిసింది. దాని విషం నరాల మీద పని చేస్తుంది. ముందు రెప్పలు, తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి. ఆ రాత్రి మాకు ఇవేమీ తెలియవు. వాచ్‌మన్ తాత తువ్వాలు చించి కాలికి గట్టిగా కట్టాడు. పక్క ఊళ్ళో పాము మంత్రం వేసేవాళ్ళున్నారని, బండి మీద ఎక్కించుకొని పోదామని అన్నాడు. పదో తరగతి అన్న ఆ మాట వినకుండా తాత ఫోను లాక్కొని 108కి చేశాడు.

అంబులెన్సు వచ్చింది. మన సందు ఎంత ఇరుకో మీకు తెలుసు. పాలబండి కూడా తిరగదు. ఆ తెల్లబండి వెనక్కి తిరిగి, వెనకవైపుగా గేటు దాకా వచ్చి ఆగింది. మేము టార్చి పట్టుకొని “ఇటు, ఇటు” అని అరుస్తుంటే డ్రైవరు సీట్లో నుంచి, “ఈ గేటు ఎన్నిసార్లు దూకి సినిమాకు పోయామో లెక్క లేదు. దారి మాకు చెప్తారంట్రా!” అన్నాడాయన. అలా మాకు మొదటిసారి తెలిసింది, ఆయన ఈ హాస్టల్ విద్యార్థేనని.

బండిలో వచ్చిన ఇంకొకాయన ఇ.ఎం.టి. ఆయన తువ్వాలు కట్టును మెల్లగా వదులు చేయించి, కాలు కదలకుండా చెక్క పెట్టి కట్టాడు. వాణ్ణి నడవనివ్వలేదు. స్ట్రెచర్ మీదే ఎత్తారు. చీరాల ఏరియా ఆసుపత్రికి పోయే దారిలో ఊపిరి తగ్గిపోతే ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపారు. దాన్ని అంబు బ్యాగు అంటారు. ఆసుపత్రి మెట్ల దాకా ఆ చెయ్యి ఆగలేదని తోడు వెళ్ళిన పదో తరగతి అన్న చెప్పాడు. ఆసుపత్రిలో విషానికి విరుగుడు మందు ఎక్కించారు. వారం తర్వాత వాడు తిరిగి వచ్చి మా పక్కన చాప పరుచుకున్నాడు. ఈ వ్యాసం సాపు కాపీ రాస్తున్నది వాడే. చేతిరాత మాలో వాడిదే బాగుంటుంది.

ఆ తర్వాత డ్యూటీ లేని రోజున పైలట్ అన్న హాస్టల్‌కి వస్తుండేవాడు. 108 బండి డ్రైవరును పైలట్ అంటారు. “మావాడు పైలట్ అని మా అమ్మ ఊళ్ళో చెప్తే, విమానం ఎప్పుడు దింపుతాడమ్మా అని అడిగారంటరా” అని నవ్వించేవాడు. ఆయన ఇంటర్ దాకా చదివి, డిగ్రీ మధ్యలో మానేశాడు. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలే లారీ మీద క్లీనరుగా చేరాడు. తర్వాత డ్రైవరయ్యాడు. హెవీ లైసెన్సు వచ్చాక 108లో చేరాడు. లారీలో అయితే డబ్బు ఇంకొంచెం ఎక్కువే వచ్చేదట. “మరెందుకన్నా వచ్చావు?” అని అడిగితే, “లారీలో టిక్కీ దింపితే రసీదు ఇస్తారు. ఇక్కడ మనిషిని దింపితే ఆ ఇంటోళ్ళు మొహంలోకి చూస్తారు” అన్నాడు. ఆ మాట ఆయన పెద్ద మాటగా చెప్పలేదు. క్యారంబోర్డు మీద పౌడరు చల్లుతూ చెప్పాడు.

తమ్ముళ్ళారా, 108 మీరు పుట్టకముందు నుంచీ ఉంది కాబట్టి ఎప్పుడూ ఉండేదే అనుకుంటారు. అది 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఆ తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. గుజరాత్ మొదలుకొని అనేక రాష్ట్రాలు మన దగ్గర చూసి అదే నంబరుతో పెట్టుకున్నాయి. ఆ బండి మోతను ‘కుయ్ కుయ్’ అని చిన్నపిల్లలు కూడా అనుకరించేంతగా పల్లెల్లో కలిసిపోయింది. 2020 జులై 1న విజయవాడలో ఒకే రోజు 1,088 కొత్త 108, 104 వాహనాలను బయలుదేరదీశారు.

అంతకు ముందు ఎట్లా ఉండేదో మా నాయనమ్మలు చెప్తారు. నులకమంచాన్ని తిరగేసి, నాలుగు కోళ్ళకు తాళ్ళు కట్టి, దానికి వెదురుబొంగు దూర్చి మనిషిని మోసుకుపోయేవాళ్ళు. ఎడ్లబండి దొరికితే అదృష్టం. వానాకాలం రేగట్లో బండి చక్రం దిగబడితే ఆ అదృష్టం కూడా లేదు. మోసేవాళ్ళు ఎక్కువగా మన పేటల వాళ్ళే. ఊళ్ళో చావు కబురు మోసుకుపోయే వెట్టి కూడా మన తాతలదే. మోయడం మన వాళ్ళకు కొత్త కాదు. మోసినందుకు జీతం, యూనిఫాం, పేరున్న బ్యాడ్జీ రావడం కొత్త. అందుకే పైలట్ అన్న నీలం చొక్కా వేసుకొని పేటలోకి వస్తే వాళ్ళమ్మ అరుగు మీద నుంచి లేచి నిలబడేదని ఊళ్ళో వాళ్ళు చెప్పారు.

మన ప్రాంతంలో వచ్చే ఫోన్లు మూడు రకాలని అన్న చెప్పేవాడు. ఒకటి కాన్పులు. రెండు, పదహారో నంబరు జాతీయ రహదారి మీదా, కూలీల ట్రాక్టర్లకూ జరిగే ప్రమాదాలు. మూడు, పురుగు మందు. మూడో రకం గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. 1987–88లో తెల్లదోమ వచ్చి పత్తి పోయినప్పుడు మన ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్నారు. దోమ కోసం తెచ్చిన మందే తాగారు. ఆ డబ్బాలు ఇప్పటికీ ఇళ్ళ మూలల్లో ఉంటున్నాయి. మందు తాగిన మనిషిని ఎత్తుకుంటే ఆ మందు ఎత్తుకున్నవాళ్ళ చేతులకూ చొక్కాలకూ అంటుతుంది. అది చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. “వాసన మూడు రోజులు పోదురా. అన్నం ముద్ద నోటి దగ్గరికి తీసుకుంటే అదే వాసన” అనేవాడు.

మిరప కోతల కాలమంటే మా ఇళ్ళల్లో అందరికీ పనే. మా అమ్మలు తెల్లవారుజామునే ట్రాక్టరు ఎక్కి పోతారు. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలంలో అట్లా మిరప పనికి పోయి తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగలు మీద పడి చాలామంది చనిపోయారు. అప్పుడు మేము లాక్‌డౌన్‌లో ఇళ్ళ దగ్గర ఉన్నాం. ఆ సాయంత్రం పేటలో ఒక్క పొయ్యి కూడా వెలగలేదు. తెగిన కరెంటు తీగల మధ్యకు ముందు పోవలసింది ఎవరో ఆ రోజు మాకు అర్థమైంది.

అప్పటికే కరోనా వచ్చింది. 2020 మార్చి 22న దేశమంతా వాకిళ్ళలో నిలబడి చప్పట్లు కొట్టింది. మేమూ పళ్ళెం గరిటెతో కొట్టాం. మే 3న వైమానిక దళం వాళ్ళు ఆసుపత్రుల మీద పూలు కురిపించారు. టీవీలో చూశాం, బాగుంది. ఆ ఏడాదంతా పైలట్ అన్న ఇంటికి పోలేదు. ఇంట్లో ముసలి తల్లి ఉందని భయం. బండిలోనే పడుకునేవాడు. వాళ్ళమ్మ ఊరి బయట చప్టా గోడ మీద అన్నం క్యారేజీ పెట్టి దూరంగా వెళ్ళి నిలబడేది. ఆయన వచ్చి తిని, క్యారేజీ కడిగి అక్కడే బోర్లించి పోయేవాడు. ఇద్దరూ రోడ్డుకు అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకునేవాళ్ళు.

2021 ఏప్రిల్, మే నెలలు ఎట్లా గడిచాయో పెద్దవాళ్ళందరికీ గుర్తే. మంచాలు లేవు, ఆక్సిజన్ సిలిండర్లు లేవు. ఆసుపత్రి ఆవరణలో బండి ఆగితే లోపల ఉన్న రోగిని దింపుకునేవాళ్ళు లేక బండిలోనే గంటలు గడిచేవి. బండిలో ఉన్న సిలిండరు అయిపోకుండా ముల్లు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. మే నెల రెండో వారంలో అన్నకు జ్వరం వచ్చింది. పరీక్షకు శాంపిల్ ఇచ్చాడు. ఫలితం రాకముందే ఆయాసం ఎక్కువై, స్కానింగు తీస్తే ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. ఎనిమిదో రోజున పోయాడు. ఆయన తోలే బండి లాంటి బండే ఆయన్ని తెచ్చింది. వయసు ముప్ఫై రెండు.

ఆగస్టులో హాస్టల్ తెరిచాక మాకు పూర్తిగా తెలిసింది. మేము నలుగురం ఒక ఆదివారం వాళ్ళ ఊరు పోయాం. వాళ్ళమ్మ మా ముందు ఒక ప్లాస్టిక్ సంచి పెట్టింది. దాన్నిండా కాగితాలే. కరోనా పనిలో చనిపోయిన ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల రూపాయల బీమా అని 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. కాంట్రాక్టు వాళ్ళకు కూడా వర్తిస్తుందన్నారు. మంచి పథకమే. కానీ దానికి పాజిటివ్ అని ల్యాబు రిపోర్టు కావాలి. కరోనా డ్యూటీలో ఉన్నాడని పనిలో పెట్టుకున్నవాళ్ళ ధ్రువపత్రం కావాలి. అన్న దగ్గర ఉన్నది స్కానింగు కాగితం. ల్యాబు ఫలితం ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పలేదు. ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసు అన్నారు. ఆ ఆఫీసుకు పోతే ఇతను మా ఉద్యోగి కాదు, ఏజెన్సీని అడగండన్నారు. “వాడు ఎవరి మనిషో చెప్పండయ్యా. నా కొడుకని నాకు తెలుసు, ఆ కాగితం ఎవరూ అడగడంలా” అన్నదామె.

ఈ వ్యాసంలో ఆయన పేరు మేము రాయడం లేదు. మరిచిపోయి కాదు. ఆ బీమా పథకం ఎప్పుడో ముగిసింది. అయినా ఆమె ఇంకా కాగితాలు పట్టుకొని తిరుగుతూనే ఉంది. “పత్రికలో పేరేసి కొత్త మెలిక పెట్టబాకండయ్యా” అని మమ్మల్ని బతిమాలింది. ఎవరి మీదా నింద వేయడానికి కూడా మేము ఇది రాయడం లేదు. ఆ బల్లల వెనక కూర్చున్న వాళ్ళలో మనలాంటి హాస్టళ్ళలో చదివినవాళ్ళూ ఉంటారు. మేము అడగదలచుకున్నది వేరే. పనిచేస్తూ చనిపోయిన ఇట్లాంటి వాళ్ళ పేర్లన్నీ ఒకచోట ఎవరు రాసి ఉంచారు?

ఈ ప్రశ్న పట్టుకొని కాలేజీకి వచ్చాక గ్రంథాలయంలో, ఇంటర్నెట్‌లో వెతికాం. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. అందుకే ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం జరుపుతారు. 2018లో అదే తేదీన ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకాన్ని ప్రారంభించారు. అక్కడి గోడ మీద 34 వేలకు పైగా పేర్లున్నాయి. 2019 ఫిబ్రవరి 25న ఇండియా గేట్ పక్కన జాతీయ యుద్ధ స్మారకం వచ్చింది. దాని మీద సైనికుల పేర్లు 25 వేలకు పైగా చెక్కారు.

మనకు బాగా తెలిసిన తేదీ ఒకటుంది, ఏప్రిల్ 14. బాబాసాహెబ్ జయంతి. ఆ రోజు మనం విగ్రహానికి దండ వేసి ఊరేగింపు తీస్తుంటే, మండల కేంద్రంలో ఫైరు స్టేషను వాళ్ళు కూడా ఏదో కార్యక్రమం చేయడం చూసేవాళ్ళం. వాళ్ళూ జయంతి జరుపుతున్నారనుకునేవాళ్ళం. తర్వాత తెలిసింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలినప్పుడు మంటలార్పబోయి అరవై మందికి పైగా అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ళ గుర్తుగా ఆ రోజు అగ్నిమాపక దినం. పోలీసులకు ఒక రోజుంది, ఫైరు వాళ్ళకు ఒక రోజుంది, సైనికులకు రాయి ఉంది. ప్రమాదం జరిగిన చోటికి వీళ్ళతో పాటే వచ్చే నాలుగో బండి వాళ్ళకు మన దేశంలో అట్లాంటి జాతీయ స్మారకం మాకెక్కడా కనిపించలేదు.

అమెరికాలో అంబులెన్సు సిబ్బంది కోసం 1990ల నుంచే ఏటా ఒక సంస్మరణ జరుపుతున్నారు. ఒక లోహపు చెట్టుకు, చనిపోయిన ఒక్కొక్కరి పేరుతో ఒక్కొక్క కంచు ఆకు తగిలిస్తారు. 2018 నవంబరులో వాషింగ్టన్‌లో జాతీయ స్మారకం కట్టుకోవడానికి అనుమతిస్తూ చట్టం కూడా చేశారు. కానీ ఆ దేశం కథలో మమ్మల్ని ఆపింది వేరే సంగతి. 1967లో పిట్స్‌బర్గ్ నగరంలో హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లవాళ్ళ పేట నుంచి, పనీపాటా లేనివాళ్ళని అందరూ కొట్టిపారేసిన యువకులను తీసుకొని, డాక్టర్ పీటర్ సఫార్ వందల గంటల శిక్షణ ఇచ్చారు. ఆ సంస్థ పేరు ఫ్రీడమ్ హౌస్. అంతకు ముందు అక్కడ రోగుల్ని పోలీసు వ్యానులో వేసుకుపోయేవాళ్ళు. దారిలోనే వైద్యం చేయడం ఆ దేశానికి నేర్పిన తొలివాళ్ళలో ఈ యువకులున్నారు. 1975లో నగరపాలక సంస్థ తన సొంత అంబులెన్సులు పెట్టుకొని ఫ్రీడమ్ హౌస్‌ను మూసేసింది. వాళ్ళలో చాలామంది ఆ పనికి దూరమయ్యారు. చాలా ఏళ్ళ పాటు వాళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు.

అంత దూరం ఎందుకు, మన తెలుగువాళ్ళ సంగతే ఒకటుంది. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడలో ఒప్పంద కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పోయారు. ఆ తర్వాత కూడా ఓడల మీద ఓడలు పోయాయి. చెరుకుతోటల్లో పనికి పోయిన వాళ్ళలో తమిళులూ తెలుగువాళ్ళూ చాలామంది. 1899లో బోయరు యుద్ధం వచ్చినప్పుడు గాంధీ గారు అక్కడ భారతీయులతో అంబులెన్సు దళం పెట్టారు. సుమారు 1,100 మంది. వాళ్ళలో మూడు వందల మంది దాకా స్వతంత్రులు, మిగిలిన వాళ్ళంతా ఒప్పంద కూలీలే. స్పియన్ కోప్ కొండ దగ్గర గాయపడిన సైనికులను డోలీల మీద రోజుకు ఇరవై మైళ్ళకు పైగా మోశారు. యుద్ధం అయ్యాక నాయకులు 37 మందికి పతకాలు వచ్చాయి. డోలీ మోసిన మన కూలీల పేర్లు మాత్రం పాఠ్యపుస్తకంలో మాకెక్కడా కనిపించలేదు.

ఈ మూడు కథలు ఒక్క కథలాగే అనిపించాయి. మోసినవాడు ఎవరి ఉద్యోగి అన్న దగ్గరే పేరు ఆగిపోతుంది. పోలీసుకు శాఖ ఉంది, శాఖకు రిజిస్టరు ఉంది, అందుకే గోడ మీద 34 వేల పేర్లు చేరాయి. 108ని నడిపే సంస్థలు మన రాష్ట్రంలో ఇప్పటికి చాలాసార్లు మారాయి. బండి రంగు మారింది, చొక్కా రంగు మారింది, మనుషులు మాత్రం వాళ్ళే. పన్నెండు గంటల డ్యూటీని ఎనిమిది గంటలు చేయాలని, జీతాలు సమయానికి ఇవ్వాలని వాళ్ళు ఎన్నోసార్లు సమ్మె చేశారు. పాత సంస్థ పోయేటప్పుడు దానితో పాటు పాత హాజరు పట్టీ కూడా పోతే, ఆ కాలంలో రోడ్డు మీద చనిపోయినవాడి పేరు ఇక ఎవరి దగ్గరుంటుంది?

దీని మీద మా నలుగురికీ గొడవైంది. ఒకడు, ఢిల్లీలో స్మారకం కట్టాల్సిందేనన్నాడు. ఇంకొకడు, “బతికున్నోళ్ళకు జీతం సరిగా రానప్పుడు చచ్చిపోయినోళ్ళకు రాయి ఎందుకు? ఆ డబ్బుతో నాలుగు బండ్లు కొనొచ్చు” అన్నాడు. ఆ మాట తీసెయ్యదగ్గది కాదు. చప్పట్లు, పూలు అయ్యాక ఏం మిగిలిందో ఆ ప్లాస్టిక్ సంచిలో చూసే వచ్చాం. రెండు రోజులు మాట్లాడుకోలేదు కూడా. చివరికి పాము కరిచినవాడు ఒక మాటన్నాడు. “రాయి మీద పేరు చెక్కాలంటే ముందు జాబితా రాయాలి గదా. జాబితా రాయాలంటే, వీడు మావాడే అని ఒకరు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే వాళ్ళమ్మకు కావలసిన కాగితం కూడా అదే.” ఆ మాటతో మా గొడవ తీరింది.

స్మారకం అంటే మన వాళ్ళకు తెలియనిది కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేశారు. వాళ్ళను పూడ్చిన చోటును రక్తక్షేత్రం అంటారు. ఏటా ఆగస్టు 6న అక్కడికి జనం వెళ్తారు. మా పెద్దవాళ్ళూ వెళ్ళేవాళ్ళు. అక్కడ పేర్లు చదువుతుంటే చిన్నపిల్లలు ‘వీళ్ళెవరు’ అని అడుగుతారు, పెద్దవాళ్ళు చెప్పక తప్పదు. రాయి ఉన్నచోట ఆ ప్రశ్న పుడుతుంది. అందుకే రాయి కూడా కావాలనే అంటాం.

రాయికి మన దగ్గర కరువు లేదు. చీమకుర్తి కొండల్లో నల్ల గెలాక్సీ గ్రానైటు ఉంది. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడి దేశాలకో ఓడల్లో పోతుంది. పెద్ద పెద్ద హోటళ్ళ నేలల మీద పరుస్తారు. ఆ రాయిలో ఒక్క పలక చాలు. ప్రభుత్వం వారికి మేము విన్నవించుకునేది ఇంతే. నడిపే సంస్థ ఏదైనా సరే, పనిలో చనిపోయిన పైలట్ల, ఇ.ఎం.టి.ల జాబితా జిల్లా వైద్యాధికారి గారి దగ్గర శాశ్వతంగా ఉండాలి. 2005 ఆగస్టు నుంచి మొదలుపెట్టి రాయాలి. రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు, కరోనాలో పోయినవాళ్ళు, అందరూ అందులో ఉండాలి. ఏడాదికి ఒక రోజు ఆ పేర్లు పైకి చదవాలి. ఆ రోజు ఆగస్టు 15 అయితే ఇంకా బాగుంటుంది, 108 పుట్టిన రోజు కూడా అదే. ఆ తర్వాత రాయి.

ఇక ఫ్యాను సంగతి. 2022 ఏప్రిల్ 14కి అన్న పేరు హాస్టల్ గోడ మీద రాయించాలనుకున్నాం. ప్రభుత్వ భవనం గోడ మీద పేరు రాయాలంటే ఆర్డరు కావాలని వార్డెన్ గారు చెప్పారు. మేము దిగాలుపడితే ఆయనే పైకి చూపించారు. మన భోజనాల హాలులో ఫ్యాన్లన్నీ దాతలు ఇచ్చినవే. ప్రతి రెక్క మీదా ఫలానా వారి జ్ఞాపకార్థం అని పేర్లున్నాయి. ఫ్యాను ఇచ్చినవాళ్ళు రెక్క మీద పేరు రాసుకోవడానికి ఏ ఆర్డరూ అక్కర్లేదన్నారు. సబ్బులకూ క్షవరానికీ వచ్చిన డబ్బుల్లో తలా కొంత వేశాం. వంట అక్క వంద రూపాయలు ఇచ్చింది. వాచ్‌మన్ తాత యాభై ఇచ్చాడు. వార్డెన్ గారు ఎంత వేశారో మాకు చెప్పలేదు. వాళ్ళమ్మను అడిగితే, “హాస్టల్లో అయితే రాసుకోండి, అది వాడి ఇల్లే” అన్నది. బోర్డులు రాసే పెయింటరు ఎర్ర రంగుతో రాసి పెట్టాడు. ఫ్యాను బిగించిన రోజు ఆమె వచ్చి, మా మధ్య బంతిలో కూర్చొని అన్నం తిన్నది. తల ఎత్తి పైకి చూస్తూ తిన్నది.

తిరిగే ఫ్యాను మీద పేరు కనిపించదు. కరెంటు పోయి, రెక్కలు మెల్లగా ఆగినప్పుడే చదవగలం. ఎండాకాలంలో మన ఊళ్ళో కరెంటు ఎట్లాగూ పోతుంది. పోయిన నెల మేము హాస్టల్‌కి వచ్చినప్పుడు రాత్రి భోజనాల వేళ అట్లాగే పోయింది. ఆరో తరగతి తమ్ముడు ఒకడు టార్చి పైకి వేసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ పేరు చదివాడు. చదివి, “అన్నా, ఈయన ఎవరు?” అని అడిగాడు. పాము కరిచినవాడు కంచం పక్కన పెట్టి, కాలి మడమ చూపించి చెప్పడం మొదలుపెట్టాడు. కరెంటు వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు.

జై భీమ్.

– పాత విద్యార్థులు నలుగురు